టైపు వదిన వెనక బల్ల

కోర్టు వెనక వీధిలో, స్టాంపు పేపర్లు అమ్మే గదికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఒక టైపు షాపు ఉంది. షాపు మరిదిది. కీబోర్డు ముందు కూర్చునేది వదిన. మరిది పొద్దున్నుంచీ సాయంత్రం దాకా "వదినా, ఆ అఫిడవిట్టు అయిందా? వదినా, ఈయనకి ఇంకో కాపీ తియ్యి" అని కేకలేస్తూ ఉంటాడు గనక, వచ్చినవాళ్ళందరికీ ఆమె వదినే అయిపోయింది. తల నెరిసిన ప్లీడర్లు కూడా వదినా అనే పిలుస్తారు. "ఈ వీధిలో నాకు మరుదులకేం కొదవలేదు, ఒక్కడూ గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చివ్వడు" అంటుంది ఆమె, కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండానే.

పెళ్ళికి ముందు నేర్చుకున్న టైపు అది. గోడౌనులో బస్తాలు ఎత్తుతూ భర్త నడుము దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయాక మళ్ళీ చేతికొచ్చింది. ఇంట్లో ఆయనా, మంచం దిగలేని అత్తగారూ. వాళ్ళకి వండి పెట్టి, అత్తగారికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, బస్సులో నిలబడి షాపుకొచ్చేసరికే ఆమెకి సగం రోజు అయిపోయినట్టుంటుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

కథలు రాసేవాళ్ళు ఆ షాపుకి రావడం ఎలా మొదలైందంటే, ఒక కుట్టు టీచరు వల్ల. ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం, జనం పల్చబడ్డాక, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తెచ్చి, "మా చుట్టాలమ్మాయి రాసిందండీ, టైపు చేసి పెట్టాలి" అంది. వదిన టైపు చేసింది. చేసి, కాగితాలు ఇస్తూ, "చివర్లో ఆ పిల్ల తలుపెందుకు తీసింది? అంత కోపంగా ఉన్న మనిషి తలుపు తీయదు కదా" అంది.

కుట్టు టీచరు మొహం ఎర్రబడింది. "అంటే... ఆయన గొంతు వినేసరికి..."

"ఆ గొంతు సంగతి కాగితం మీద లేదు మరి."

ఆవిడ అక్కడే, కౌంటరు మీదే పెన్ను అడిగి తీసుకుని రెండు వాక్యాలు రాసింది. అప్పుడిక చుట్టాలమ్మాయి ఎవరో ఇద్దరికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు.

కుట్టు టీచరు ఇంకొకరికి చెప్పింది. ఆ ఒకరు ఇంకొకరికి. పద్యాలు రాసే రిటైర్డు హెడ్మాస్టరు వచ్చాడు, మందుల షాపులో పనిచేసే అమ్మాయి వచ్చింది. ఊళ్ళో టైపు షాపులకి లోటు లేదు. కానీ మిగతాచోట్ల అక్షరాలు కొట్టిస్తారు, ఇక్కడ ఎవరో ఒకరు చదువుతారు. రాసే మనిషికి ఆ తేడా చాలు, వీధి దాటి వస్తాడు.

షాపు వెనక భాగంలో, కాగితం కట్టల పక్కన ఒక పాత బల్ల ఉండేది. ఒకప్పుడు టైపు మిషను పెట్టిన బల్ల. మిషను పాతసామానుకి పోయాక ఖాళీగా ఉంది. ఇంట్లో కూర్చోడానికి చోటు లేదన్న మందుల షాపు అమ్మాయిని మొదట అక్కడ కూర్చోబెట్టింది వదిన. తర్వాత అది అందరి బల్లా అయింది. వదిన దాని మీద ఒక నిఘంటువు పెట్టింది, అట్ట ఊడిపోతే తనే కేసు ఫైలు అట్ట అంటించింది. పైన గోడకి ఒక మేకు కొట్టి, కథల పోటీ ప్రకటనలు ఎక్కడ కనబడ్డా కత్తిరించి గుచ్చేది. ఏ పత్రిక చిన్న కథలే తీసుకుంటుందో, ఏది జవాబు కూడా రాయదో, ఎక్కడికి పంపితే చదివి తిప్పి పంపుతారో ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళు అందరి కాగితాలూ పంపి పంపి తెలిసిన సంగతులు అవి.

"కాపీ ఉంచుకోండి. మీ దగ్గర కాపీ లేకుండా ఏదీ పంపకండి."

"రాసిన వెంటనే నాకివ్వకండి. వారం పోనివ్వండి. అప్పుడు చదువుకుంటే మీకే సిగ్గేసే చోట్లు దొరుకుతాయి."

"పైకి చదవండి. ఊపిరి ఆడనిచోట వాక్యం విరిచెయ్యండి."

ఇలాంటివే ఆమె మాటలు. పెద్ద సలహాలేం కావు. మీరెందుకు రాయరు వదినా అని హెడ్మాస్టరు అడిగితే, "మీ అందరి అవస్థ చూశాక కూడానా?" అని నవ్వేసింది.

అందరికంటే ఎక్కువగా వచ్చినవాడు లిఫ్టాయన. పక్క వీధిలో ఆఫీసుల మేడ ఉంది. అందులో లిఫ్టు నడిపేవాడు. లోపల స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, జనం లేనప్పుడు రాసేవాడు. వయసులో ఆమె కంటే బాగా పెద్ద. అయినా వదినా అనేవాడు. ఆమె అన్నయ్యగారూ అనేది. వరస కుదరకపోయినా ఇద్దరికీ పట్టింపు లేదు. ఆయన అక్షరాలు గుండ్రంగా వచ్చి వచ్చి ఉన్నట్టుండి గీతలా సాగిపోయేవి. "ఇక్కడ ఎవరో బెల్లు కొట్టినట్టున్నారు" అనేది వదిన టైపు చేస్తూ. "పై అంతస్తు మేనేజరు" అనేవాడాయన తలవంచుకుని, తప్పు చేసినట్టు.

ఆయన కథలు ఏవీ అచ్చు కాలేదు. కొన్ని తిరిగొచ్చేవి, కొన్నిటికి జవాబే ఉండేది కాదు. తిరిగొచ్చిన ప్రతిసారీ షాపుకొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, "ఎందుకు నచ్చలేదంటారు వదినా?" అని అడిగేవాడు. ఆమె ఏదో ఒకటి వెతికి చెప్పేది. ఇంకొకచోటికి పంపుదాం అనేది. ఆయన మొహం మళ్ళీ తేటపడేది. ఏళ్ళ తరబడి అదే. నిజం చెప్పాలంటే ఆ మొహం తేటపరచడం కూడా ఒక పనే. ఆ పనికి సెలవు లేదని ఆమెకి తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఒకసారి కోర్టుకి వరసగా సెలవులు రాబోతున్నాయి. అందరికీ అంతకుముందే కాగితాలు దాఖలు చెయ్యాలి. షాపు ముందు జనం ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు. ఆ పొద్దున్నే అత్తగారు మంచం మీంచి జారిపడింది. ఏమీ విరగలేదు గానీ, ఆవిణ్ణి లేపి పడుకోబెట్టేసరికి వదినకి చెయ్యి పట్టేసింది. నడుము పట్టీ పెట్టుకున్న భర్త గుమ్మం పట్టుకుని నిలబడి చూశాడే తప్ప వంగలేకపోయాడు. ఆ చూపు ఆమెని రోజంతా వెంటాడింది. మధ్యలో కరెంటు పోయి, టైపు చేసిందంతా పోయింది. మళ్ళీ మొదటినుంచీ. కళ్ళు మండిపోయి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

సాయంత్రానికి జనం పోయారు. ఆమె కుర్చీలోనే తల వెనక్కి వాల్చింది. అప్పుడొచ్చాడు లిఫ్టాయన, చేతిలో కవరుతో.

"తిరిగొచ్చింది వదినా."

కవరు ఆమె ముందుకి చాపాడు.

"ఈసారి కారణం కూడా రాయలేదు. మీరొకసారి చూసి, ఎక్కడ తేడా కొట్టిందో చెప్తారేమోనని..."

"అన్నయ్యగారూ" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "మానెయ్యండి."

"ఏంటి?"

"రాయడం. మానెయ్యండి. ఏం కొంప మునుగుతుంది? నేను అడిగానా, పత్రికవాళ్ళు అడిగారా? ఎవరికోసం ఈ బాధంతా?"

ఆయన కవరు తెరిచి చూసుకుని, మళ్ళీ మూశాడు. "అంతేనంటారా" అన్నాడు. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. అనడానికి ఓపిక లేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. వదినకి మొదట్లో హాయిగానే ఉంది. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. ఒక బరువు దిగినట్టయింది. అదే ఊపులో కుట్టు టీచరుకి కూడా "ఇప్పుడు తీరిక లేదండీ" అని చెప్పేసింది. మరిది చాలాకాలంగా లామినేషను మిషను ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు.

"వదినా, ఆ వెనక బల్ల ఎలాగూ ఖాళీగానే ఉంటోంది కదా. దాని మీద పెట్టేస్తా."

"పెట్టేసుకో."

"నీ రాతగాళ్ళు ఏమీ అనుకోరు కదా?"

"అనుకుంటే అనుకుంటారు. షాపు నీది."

నిఘంటువు అలమర మీదికీ అక్కణ్ణుంచి కాగితం కట్టల కిందికీ పోయింది. మందుల షాపు అమ్మాయి ఒకసారి వచ్చి, బల్ల మీద మిషను చూసి, ఏదో జిరాక్సు కోసం వచ్చినట్టు నటించి వెళ్ళిపోయింది.

వదిన పెందలాడే ఇల్లు చేరుతోంది. "ఏంటి, షాపు ఎత్తేశారా?" అంది అత్తగారు మంచం మీంచే.

"లేదత్తయ్యా, పని తొందరగా అయిపోతోంది."

"మరి మొహం అలా వేలాడేసుకున్నావేం? పని ఎక్కువైతే ఒక ఏడుపు, తక్కువైతే ఒక ఏడుపు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి."

వదినకి నవ్వొచ్చింది. కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. తొందరగా వచ్చినా అలసట తగ్గలేదు. పొద్దస్తమానం 'సదరు వాది', 'పై తెలిపిన ఆస్తి' అని కొట్టి కొట్టి, మధ్యలో ఒక్క మనిషి మాట కూడా చదవకుండా ఇంటికి రావడం ఆమెకి కొత్త. ఇన్నాళ్ళూ తనే వాళ్ళకి దన్ను అనుకుంది. తను కూడా ఆ కాగితాల మీదికి కాస్త ఒరిగి నిలబడిందని అప్పుడు తెలిసింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం షాపు ఫోను మోగింది. జలుబు చేసిన గొంతు. ఒక వారపత్రిక ఆఫీసు నుంచట. లిఫ్టాయన తన కథల చివర ఎప్పుడూ షాపు నంబరే ఇచ్చేవాడు.

"లిఫ్టులో ముసలావిడ కథ, అది పంపింది మీరేనా?"

వదినకి గుర్తొచ్చింది. చాలాకాలం కిందట పంపి, జవాబు రాక వదిలేసిన కథ. ఏదో సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక ముసలావిడ, కూర్చోమనేవాళ్ళు ఎక్కడా లేక, లిఫ్టులో ఫ్యాను కింద నిలబడి పైకీ కిందికీ తిరుగుతుంటుంది.

"రాసినాయన వేరేనండీ. నేను చెప్తాను, చెప్పండి."

"మొదటి సగం బాగుంది. తర్వాత బాగా సాగింది. ఆవిడ పిల్లల సంగతి, లోకంతీరు మీద ఉపన్యాసం... అదంతా తీసేసి పంపితే మళ్ళీ చూస్తాం. వేస్తామని మాటివ్వడం లేదు, అది కూడా చెప్పండి."

ఫోను పెట్టేశాక ఆమె కంప్యూటర్లో వెతికి ఆ కథ బయటికి తీసి, ప్రింటు తీసుకుని, "ఇప్పుడే వస్తా" అని మరిదికి చెప్పి బయల్దేరింది. "కౌంటరు దగ్గర జనం ఉంటే?" అని అతను వెనకనుంచి అరిచాడు. జనం ఉన్నారు కూడా. ఆమె ఆగలేదు.

ఆఫీసుల మేడలో లిఫ్టు మారిపోయింది. ఎవరి బటను వాళ్ళే నొక్కుకుంటున్నారు. స్టూలు లేదు. కాపలా మనిషిని అడిగితే, కింద కార్లు పెట్టేచోట ఉన్నాడని చెప్పాడు. పొగ వాసన, పై కప్పు మరీ కిందికి. గేటు పక్కన చిన్న గాజు గదిలో కూర్చుని చీటీలు చింపి ఇస్తున్నాడాయన. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంటి వదినా, ఇలా వచ్చారు? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారు. మీరు?"

"బాగున్నా. మంచి నిద్ర పడుతోంది. ఆదివారాలు మా ఆవిడతో బజారుకి వెళ్తున్నా. ఇంట్లో ఉన్న మనిషితో మాట్లాడటం ఇప్పుడే నేర్చుకున్నావా అంటోంది." అని నవ్వాడు. నిజంగానే ఒళ్ళు చేశాడు కూడా.

వదినకి ఒక్కక్షణం వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. సుఖంగా ఉన్న మనిషిని మళ్ళీ ఆ గోతిలోకి లాగడం ఎందుకు? కానీ వచ్చిన కబురు ఆయనది, తనది కాదు. దాచే హక్కు తనకి లేదు. పత్రికవాళ్ళు అన్నది అన్నట్టే చెప్పింది, మాటివ్వలేదన్నదీ చెప్పింది.

కారు వచ్చింది, ఆయన చీటీ ఇచ్చాడు. "మీరే తగ్గించి పంపించెయ్యండి" అన్నాడు.

"నేనెందుకు తగ్గిస్తాను? అది మీ కథ."

"మానెయ్యమన్నది మీరే కదా!" గొంతు పెరిగింది. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచగా ఆమె వినలేదు. "ఇంకెవరన్నా అంటే పట్టించుకునేవాణ్ణి కాదు. మా ఆవిడ అంది, మా తమ్ముడు అన్నాడు, నవ్వేశాను. మీరన్నారు. అందరి కాగితాలూ చదివే మనిషి అన్నదని, ఆ మాట పట్టుకుని మానేశాను. ఎంత కష్టమైందో తెలుసా? ఇప్పుడొచ్చి రాయమంటారా?"

వెనక కారు హారను కొట్టింది. ఆయన చీటీ చింపి ఇచ్చాడు.

"ఆరోజు నాకు ఒళ్ళు తెలియలేదు అన్నయ్యగారూ" అంది వదిన. "ఇవాళ నావల్ల కాదు, రేపు రండి అనాల్సింది. ఆ మాట నోటికి రాలేదు. అనడం అలవాటు లేదు. మానెయ్యండి అనేశాను. నాకు కావలసింది మీరు మానడం కాదు, నేను కాసేపు పడుకోవడం."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళకింద నలుపు, చెయ్యి ఇంకా సరిగ్గా ఎత్తలేకపోవడం అప్పుడు కనబడ్డట్టుంది. లోపల ఉన్న ఒక్క కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"మీకు మానడమే బాగుంటే మానెయ్యండి, నేనేమీ అనుకోను. ఈసారి మాత్రం నా మాట మీద కాదు, మీ అంతట మీరు" అంది ఆమె కూర్చుంటూ.

"కాగితాలు తీసి చదవండి" అన్నాడాయన.

ఆమె పైకి చదివింది. ఆయన నిలబడి విన్నాడు, కారు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆమెని ఆపుతూ. ముసలావిడ లిఫ్టులో అద్దం ముందు కొంగు సర్దుకునే చోట తనే నవ్వుకున్నాడు, ఇంకెవరో రాసినట్టు. ఉపన్యాసం మొదలయ్యేసరికి మొహం చిట్లించాడు. "ఇదెవడు మాట్లాడుతున్నాడు మధ్యలో?" అన్నాడు. అది కొట్టేశాడు. పిల్లల సంగతి దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది.

"ఇది మా అమ్మ."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"టైపుకి మీరిచ్చిన కాగితాల్లో అక్కడ అక్షరాలు ఎక్కడా సాగలేదు. మీరు లిఫ్టులో రాసింది కాదది. ఇంట్లో కూర్చుని రాశారు."

ఆయన కొట్టలేదు. ఆ పేరా అంతా విడిగా చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దీనికి వేరే కథ రాయాలి" అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు.

కథ పంపారు. చాలా నెలల తర్వాత అచ్చయింది, లోపలి పేజీలో, ఒక వంటనూనె ప్రకటన పక్కన. ఇంటిపేరు మొదటి అక్షరం తప్పు పడింది. ఆయన పత్రిక తెచ్చి కౌంటరు మీద పెట్టి, గర్వంగా చెప్పిన సంగతి వేరే ఉంది. "మా ఆవిడ మొత్తం చదివింది వదినా. చదివి, ఆ ముసలావిడకి చివరికి సంతకం దొరికిందా లేదా అని అడిగింది. నాకూ తెలీదన్నాను. తెలీనిదానికి ఇంత రాయడం ఎందుకని రెండ్రోజులు నాతో వాదించింది." తర్వాత పంపిన కథ మామూలుగానే తిరిగొచ్చింది.

గాజు గది నుంచి తిరిగొచ్చిన రోజే వదిన మరిదితో మాట్లాడింది. "ఆ మిషను ముందుకి తెచ్చుకో. బల్ల నాకు కావాలి."

"షాపు నాదన్నావు కదా వదినా?"

"షాపు నీదే. నేను లేకపోతే నడుస్తుందా?"

అతను తల గోక్కుని, తనే మిషను మోసుకొచ్చి ముందు పెట్టాడు. ఆ తర్వాత ఆమె ఒక కట్టుబాటు పెట్టుకుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక కోర్టు మళ్ళీ మొదలయ్యేదాకా మాత్రమే కథల పని. సాయంత్రం ఎవరొచ్చినా "ఇవాళ్టికి చాలు, రేపు రండి" అంటుంది. ఆ మాట అనడం మొదట్లో అలవాటు కాలేదు. హెడ్మాస్టరు కాస్త నొచ్చుకున్నాడు కూడా. మర్నాడు వచ్చాడు. అందరూ వచ్చారు.

ఈమధ్య ఆమె చూపు బాగా మందగించింది. తెర చూడటం తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మరిది ఇంకొకామెని పెట్టాడు టైపుకి. అత్తగారు అలాగే ఉంది, భర్త నడుము అలాగే ఉంది, బస్సులో సీటు ఇప్పటికీ దొరకదు. మధ్యాహ్నాలు వదిన వెనక బల్ల దగ్గర గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. రాసినవాళ్ళే చదివి వినిపిస్తారు. చూసేవాళ్ళకి ఆమె నిద్రపోతున్నట్టుంటుంది. ఒక్కోసారి నిజంగానే నిద్రపోతుంది. మొన్న కుట్టు టీచరు చదువుతూ చదువుతూ అనుమానం వచ్చి ఆగింది. లిఫ్టాయన పక్కనుంచి, "ఎక్కడ పడుకుందో అక్కడ గీత పెట్టుకోండి, అక్కడ కోసెయ్యాలి" అన్నాడు మెల్లగా.

"వింటున్నా, చదవండి" అంది వదిన కళ్ళు తెరవకుండా.